నాయన మతిమరుపు: ఎంసీఐ అంటే డిమెన్షియా మొదలైనట్టేనా?

మీ నాయనకు 70 ఏళ్లు, పేర్లు గుర్తురావట్లేదు, అడిగిందే మళ్లీ అడుగుతున్నారు, డాక్టరు ఎంసీఐ (మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, అంటే జ్ఞాపకం, ఆలోచన కాస్త తగ్గడం) కావచ్చన్నారు, డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన బాగా తగ్గి రోజువారీ పనులకే ఇబ్బంది కావడం) మొదలైనట్టేనా అని అడిగారు. కాదండీ. మూడేళ్లుగా మా అమ్మ విషయంలో ఇదే చూస్తున్నాను. మాది తిరుపతి.

అమ్మ పాల లెక్క గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటుంది. ఎన్నడూ తేడా రాలేదు. అట్లాంటిది ఒక నెల పాలాయనకు రెండుసార్లు డబ్బులిచ్చింది. తర్వాతి నెలా అంతే. వంట, పూజ, ఒక్కతే బస్సెక్కి తిరుచానూరు పోయి రావడం మాత్రం మామూలే. మొదట చూపించిన డాక్టరు రెండు నిమిషాల్లో 'వయసు వల్లే' అని పంపేశారు. మేమూ నమ్మి ఏడాది ఊరుకున్నాం. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) ఎంసీఐ అనాలంటే ఏమేం ఉండాలో విడమర్చి చెప్పారు. మునుపటికంటే జ్ఞాపకమో, ఆలోచనో తగ్గిందని మనిషికో ఇంట్లోవాళ్లకో తెలియాలి. ఆ వయసుకు, ఆ చదువుకు ఉండాల్సిన దానికంటే తగ్గిందని పరీక్షలో తేలాలి. అయినా రోజువారీ పనులు సొంతంగా జరుగుతుండాలి. ఈ మూడోదే అసలు గీత. చీటీ రాసుకునో, కాస్త ఆలస్యంగానో తన పని తాను చేసుకుంటే ఎంసీఐ. పక్కన ఒకరుంటే తప్ప జరగకపోతే డిమెన్షియా అని అనుమానించాలి. అందుకే మా అమ్మ కంటే నన్నే ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

జ్ఞాపకం, ఆలోచన ఎట్లా ఉన్నాయో చూసే మోకా (MoCA) అనే 30 మార్కుల పరీక్ష పెట్టారు. ఐదు పదాలు చెప్పి, ఐదు నిమిషాల తర్వాత అడిగారు. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ రెండు చెప్పి, నా వైపు చూసింది. నా నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. మీరూ అందించకండి. 26, ఆపైన వస్తే మామూలు అంటారు, 12 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. ఐదో తరగతితో ఆగిన మా అమ్మకు ఆ ఒక్క మార్కు ఏ మూలకి? కాబట్టి మార్కు చూసి హడలిపోకండి. మీ నాయన ఎంత చదివారో ముందే చెప్పి, పరీక్ష తెలుగులోనే పెట్టమని అడగండి.

రక్తపరీక్షల్లో బీ12 విటమిన్ బాగా తక్కువని తేలింది. షుగర్‌కు 11 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది, అది బీ12ను తగ్గించగలదు. ఇంజెక్షన్లతో నీరసం పోయింది, మనిషి హుషారైంది, మతిమరుపు మాత్రం కొంత మిగిలింది. అప్పుడే ఎంసీఐ అని రాశారు. థైరాయిడ్, డిప్రెషన్, వినికిడి తగ్గడం, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా ఇట్లాగే మతిమరుపు తెస్తాయి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కవర్లో వేసుకుని పోండి. స్కాన్ తీసేది చిన్న స్ట్రోకుల్లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడటానికి. స్కాన్ ఒక్కటే ఎంసీఐని తేల్చలేదు.

స్పెషలిస్టుల దగ్గరికి వచ్చే ఎంసీఐ వాళ్లలో ఏడాదికి 100 మందిలో సుమారు 10 నుంచి 15 మందికి డిమెన్షియా వస్తుందంటారు. చాలామంది ఏళ్ల తరబడి అట్లాగే ఉంటారు, కొందరు మామూలుకు వస్తారు కూడా. అమ్మకు ఏడాదికోసారి మళ్లీ పరీక్ష చేయిస్తున్నాం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రెండు మూడు రోజుల్లోనే మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పడి తలకు దెబ్బ తగిలాక మతిమరుపు మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.