ఏడు నెలల పిల్లి కరుస్తోందా? అంతకు ముందు గంటసేపు ఏం జరిగిందో చూడండి

ఏడు నెలల మగపిల్లి చేతులూ కాళ్ళూ కరుస్తోందని, కర్టెన్లు పట్టుకుని వేలాడుతోందని, తెల్లవారుజామున నాలుగింటికే అరిచి లేపుతోందని, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారని మీరు రాశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో తిండి వెతుక్కోవడం, కుక్కల నుంచి తప్పించుకోవడం చేతకాదు. పెంచుకున్న జంతువును ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మీరు చెప్పినవన్నీ మా పిల్లి బంటిగాడు చేసినవే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వానాకాలంలో, ఒంటరిగా దొరికాడు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, మా అమ్మ పక్కనే పడుకుంటాడు. కాబట్టి ముందుగా ధైర్యంగా ఉండండి.

పిల్లి కూనలు తల్లితో, తోబుట్టువులతో కుస్తీ పడుతూ ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళకు నొప్పి పుడుతుందో నేర్చుకుంటాయి. గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుంది, అదే వాటికి పాఠం. రెండు నెలలు నిండకముందే విడిపోయిన పిల్లకు ఆ పాఠం అందదు. దానికి తోడు నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్ళు దురద పెడతాయి. అన్నిటికీ మించి ఈ వయసులో వేటాడాలనే కోరిక ఒళ్ళంతా నిండి ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో దానికి దొరికేది కదిలే మన పాదమే.

కరిచాక ఏం చేయాలని అందరూ అడుగుతారు. నాకు పనికొచ్చింది మాత్రం, కరవడానికి ముందు గంటసేపు వాడు ఏం చేశాడో గమనించడం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు, వాడు నిద్రపోతాడు. పొద్దు వాలేసరికి లేస్తాడు. పిల్లులు సహజంగానే సంధ్యవేళల్లో, అంటే సాయంత్రం చీకటి పడేటప్పుడు, తెల్లవారేటప్పుడు చురుగ్గా ఉంటాయి. సరిగ్గా అప్పుడే అమ్మ వంటింట్లోంచి హాల్లోకి నడుస్తుంటుంది, చీర కుచ్చిళ్ళు కదులుతుంటాయి. సోఫా కింద నుంచి ఒక్క దూకు. ఇలా సమయం తెలిశాక పని సగం తేలికైంది. వాడు వేటకు లేచే గంటకు ముందే నేను వేట మొదలుపెట్టేదాన్ని.

బొమ్మలకు పెద్దగా ఖర్చు అక్కర్లేదు. పొడవాటి కర్ర చివర పాత నూలు చీర పేలిక గట్టిగా ముడి వేసి కట్టాను. దాన్ని పిల్లి మొహం మీద ఆడించకూడదు, ఏ ఎలుకా పిల్లి నోటి దగ్గరికి రాదు కదా. నేల మీద పిల్లికి దూరంగా లాగండి, తలుపు వెనక్కి దాచండి, కాసేపు కదలకుండా ఉంచండి, మళ్ళీ చిన్నగా వణికించండి. అప్పుడు చూడండి: వెనక కాళ్ళు సర్దుకుంటుంది, నడుము అటూ ఇటూ ఊపుతుంది, తర్వాత దూకుతుంది. మధ్యమధ్యలో దొరకనివ్వాలి. లేజర్ లైటుతో ఆడించేవాళ్ళు ఇక్కడే ఆలోచించాలి, అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పిల్లి చిరాకు అలాగే మిగిలిపోతుంది. పది పదిహేను నిమిషాలు ఆడాక రాత్రి తిండి పెట్టేయండి. వేటాడటం, తినడం, ఒళ్ళు నాక్కోవడం, పడుకోవడం, ఇదీ పిల్లి వరస. ఆట అయ్యాక కర్రను అల్మారాలో పెట్టి తలుపు వేయడం మరవద్దు. దారాలు, రబ్బరు బ్యాండ్లు, పూలమాల దారాలు మింగితే పేగుల్లో చిక్కుకుని ప్రాణం మీదికొస్తుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. పాలు, పెరుగన్నంతో పిల్లి పెరగదు. అది మాంసాహారి, టారిన్ అనే పోషకం దానికి తిండిలోనే, ముఖ్యంగా మాంసం నుంచి, అందాలి. పెద్దవుతున్న పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు అవుతాయి. శాకాహారుల ఇల్లయితే పిల్లుల కోసం తయారుచేసిన పెల్లెట్స్ అనే పొడి తిండి పెట్టండి, కుక్కల తిండి పనికిరాదు. కడుపు నిండని పిల్లి నాలుగింటికి అరవక ఏం చేస్తుంది?

తెల్లవారుజాము గొడవకు మందు కూడా ఈ వరసలోనే ఉంది. పడుకునే ముందు ఒక ఆట, చివరి భోజనం. అయినా లేపితే లేవకండి, తిట్టకండి, తిండి పెట్టకండి. మీరు కదిలారంటే అరిచినందుకు ఫలితం దక్కినట్టే. పట్టించుకోవడం మానేసిన కొత్తలో అరుపులు ఇంకా పెరుగుతాయి. చాలామంది అక్కడే ఓడిపోతారు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. నాన్న లేచి గుప్పెడు పెల్లెట్స్ వేస్తే మీ కష్టమంతా వృథా.

చేతి విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. చెయ్యి బొమ్మ కాదు. వేళ్ళు ఆడించి పిల్లిని రెచ్చగొట్టే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్ళ చేతికి ముందే కర్ర ఇచ్చేయండి. పళ్ళు దిగితే చేతిని వెనక్కి లాక్కోకండి, లాగితే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కదలకుండా వదులుగా ఉంచి, వదిలాక లేచి పక్క గదిలోకి వెళ్ళిపోండి. రెండు నిమిషాలు చాలు. కొట్టడం, మెడ పట్టి ఎత్తడం, మొహాన నీళ్ళు చల్లడం వద్దు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. దెబ్బ ఎందుకు పడిందో దానికి అర్థం కాదు, కొట్టిన మనిషంటే భయం మాత్రం నిలిచిపోతుంది.

నిమురుతుంటే ఉన్నట్టుండి కరిచిందంటారు గానీ, చాలాసార్లు అది ముందే చెబుతుంది. తోక కొస టపటపా కొట్టుకుంటుంది, చెవులు పక్కకు తిరుగుతాయి, వీపు మీద చర్మం అలలా వణుకుతుంది. బంటిగాడికి మొదట కదిలేది తోక కొసే. అప్పుడు చెయ్యి తీసేస్తే చాలు, వాడే మళ్ళీ తల తెచ్చి రాస్తాడు. పిల్లలున్న ఇంట్లో వాళ్ళకు ఈ గుర్తులు తప్పకుండా నేర్పండి.

సోఫా రక్కడాన్ని మానిపించలేం, చోటు మార్చగలం. గోళ్ళ పై పొర ఊడటానికి, ఒళ్ళు విరుచుకోవడానికి, తన వాసన వదలడానికి అది పిల్లికి కావాలి. బరువైన దుంగకు కొబ్బరి పీచు తాడు బిగుతుగా చుట్టి, పిల్లి నిలువునా సాగినా ఊగకుండా నిలబెట్టండి. మూలన కాదు, అది రక్కుతున్న సోఫా పక్కనే పెట్టండి. కర్టెన్లు ఎక్కే పిల్లికి ఎత్తు కావాలన్నమాట, అల్మారా పైన ఒక పాత దుప్పటి వేసి ఎక్కే దారి చూపించండి. బాల్కనీకి వల కట్టించకుండా మాత్రం వదలకండి. పిల్లి రాకుండా కలరా ఉండలు వేయమనో ఫినాయిల్ చల్లమనో ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పాదాలకు అంటింది నాకి పిల్లులు చనిపోతాయి. జ్వరమనుకుని పారాసెటమాల్ వేసినా అంతే, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

పెద్దవాళ్ళ సంగతికొస్తే, మా అమ్మకూ మొదట వాడంటే పడేది కాదు. ఆట నేను ఆడించి, గిన్నె అమ్మ చేత పెట్టించాను. తిండి పెట్టే మనిషి చుట్టూ పిల్లి తిరగడం మొదలుపెడితే ఆ మనిషి మనసు కూడా మెత్తబడుతుంది. మీ ఇంట్లోనూ చేసి చూడండి.

ఏడు నెలలంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆలస్యమైనట్టే, వెంటనే చేయించండి. మూత్రంతో గుర్తులు పెట్టడం, ఆడపిల్లి కోసం అరవడం, బయటికి పారిపోవడం బాగా తగ్గుతాయి. ఆటగా కరవడం దానంతట అదే తగ్గదు, అది పైన చెప్పిన పద్ధతితోనే తగ్గాలి. అప్పుడే రేబిస్ టీకా, నులిపురుగుల మందు సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడండి. చర్మం తెగేలా కరిస్తే, రక్కితే సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు.

నెమ్మదిగా ఉన్న పిల్లి హఠాత్తుగా కోపిష్ఠి అయినా, ముట్టుకుంటే కసిరినా నొప్పి ఉందేమో చూపించాలి. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో, అంటే మలమూత్రాలకు పెట్టే ఇసుక డబ్బాలో, మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే అది అల్లరి కానే కాదు, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

తోడుగా ఇంకో పిల్లిని తెమ్మని కూడా మీకు చెబుతారు. దాని ఈడు తోడు దొరికితే కొరుకుడు తగ్గే మాట నిజమే, కానీ ఇద్దరికీ వేరే గిన్నెలు, మూడు లిట్టర్ బాక్సులు, మొదట్లో వేరే గది కావాలి. ముందు దీని ఆపరేషన్, టీకాలు పూర్తి కానివ్వండి. సాయంత్రం ఆట అలవాటయ్యాక కూడా దాని ఒంట్లో ఇంకా ఊపు మిగులుతోందనిపిస్తే అప్పుడు ఆలోచించండి.