తళ్లికోటలో గెలిచి ఉంటే సిపాయికి ఏం తొడిగేవాళ్లు?

ప్రశ్న: మా అబ్బాయి చిత్తూరులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. నోటుబుక్కుల నిండా సైనికుల బొమ్మలే. 1565లో విజయనగరం తళ్లికోటలో గెలిచి ఉంటే, 1780 నాటికి వాళ్ల తుపాకీ దళం ఎలా ఉండేదో గీస్తున్నానంటాడు. తలకు రాయల నాటి కుళ్లాయి (పొడుగాటి టోపీ), చెంపలకు ఇనప రేకులు, భుజాన సింహం తల, చేతిలో తుపాకీ. దీంతో ఉద్యోగం వస్తుందా? ఏ కోర్సులో చేర్చాలి? – ఒక తల్లి

జవాబు: వస్తుందమ్మా. గేమ్ స్టూడియోల్లో కాన్సెప్ట్ ఆర్టిస్టులు, యానిమేషన్‌లో క్యారెక్టర్ డిజైనర్లు, సినిమాల్లో కాస్ట్యూమ్ డిజైనర్ల అసిస్టెంట్లు చేసేది ఈ పనే. అయితే సైనికుల దుస్తులు మాత్రమే గీసే పోస్టంటూ విడిగా ఉండదు. మొదట్లో కుండలు, తలుపులు, చెప్పులు గీయమంటారు. చేర్చుకునేవాళ్లు డిగ్రీ కంటే ముందు పోర్ట్‌ఫోలియో, అంటే గీసిన పనుల సంకలనం అడుగుతారు. కాబట్టి కోర్సు సంగతి తర్వాత. కింది భాగం అబ్బాయిని చదవమనండి.

బాబూ, నీ సిపాయి తుపాకీ ఎలా నింపుతాడో ముందు తేల్చుకో. ఆ కాలపు చెకుముకి తుపాకీ దాదాపు ఐదడుగుల పొడవు, నాలుగున్నర కిలోల పైన బరువు. కాగితపు తూటాను పళ్లతో చించాలి. చిటికెడు మందు పక్కనున్న చిన్న గిన్నెలో పోసి మూయాలి. మిగతా మందు గొట్టంలో పోసి, గుండునూ కాగితాన్నీ కడ్డీతో దట్టించాలి. కడ్డీని మళ్లీ దాని చోట దోపి, బట్‌ను, అంటే తుపాకీ వెనక కొసను, కుడి భుజానికి ఆనించి, చెంపను తుపాకీ కర్రకు తాకించి గురి చూడాలి.

ఇప్పుడు నీ బొమ్మ చూసుకో. చెంపరేకు అడ్డొస్తే చెంప కర్రకు ఆనదు. కుడి భుజం మీద సింహం తల ఉంటే బట్ నిలవదు, జారిపోతుంది. అంతగా ముచ్చటైతే ఎడమ భుజాన ఉంచుకో, అదీ ఆఫీసరుకే. అంగీ చేతులు వదులుగా ఉంటే కడ్డీకి చిక్కుకుంటాయి. మందు గిన్నె పక్కన కుచ్చులు వేలాడితే నిప్పురవ్వ చాలు. తూటాల పెట్టె కుడి తుంటి మీద ఉండాలి, దాని పట్టీ ఎడమ భుజం మీంచి వస్తుంది. బాయ్‌నెట్ (తుపాకీ కొసకు తగిలించే కత్తి) ఎడమ తుంటికి, పట్టీ కుడి భుజం మీంచి. రెండు పట్టీలూ ఛాతీ మీద గుణకారం గుర్తులా కలుస్తాయి.

పాతదాన్నీ కొత్తదాన్నీ కలపాల్సింది సరిగ్గా అక్కడే. చార్ ఆయినా అనే కవచంలో ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి కలిపి నాలుగు రేకులుండేవి. తుపాకీ గుండును ఆపేంత మందంగా చేస్తే, రోజంతా నడిచే సిపాయి మోయలేడు. కాబట్టి కవచం పోతుంది, ఛాతీ రేకు మాత్రం అరచేతంత ఇత్తడి బిళ్లగా కుదించుకుపోయి ఆ పట్టీలు కలిసేచోట మిగులుతుంది. ఐరోపాలో మెడ కవచం ఇలాగే నెలవంక బిళ్లగా మారి ఆఫీసర్ల మెడలో వేలాడింది. పాత వస్తువు పని పోగొట్టుకుని హోదా గుర్తుగా మిగిలిందంటే చూసేవాడు నమ్ముతాడు. రోమన్ కవచం మీద తుపాకీ పెట్టడం కలపడం కాదు, అతికించడం.

కుళ్లాయి మాత్రం తీయకు. ఐరోపాలో చేతిబాంబులు విసిరే గ్రెనేడియర్లు వెడల్పు అంచు టోపీ వదిలి, అంచు లేని పొడుగు టోపీకి మారారు. తుపాకీ భుజాన తగిలించుకునేటప్పుడు అంచు అడ్డొచ్చేది మరి. మన కుళ్లాయికి అంచే లేదు! గడ్డం కింద పట్టీ, వానకు మైనపు గుడ్డ తొడుగు చేర్చు, చాలు. దాని ఆకారం కోసం తిరుమల గుడికే వెళ్లు, ఇద్దరు దేవేరులతో రాయల కంచు విగ్రహం ఉంది. ఫోను లోపలికి రానివ్వరు, క్యూ నిలవనివ్వదు. చూసి గుర్తుపెట్టుకుని బయటికొచ్చాక గీయడం మంచి సాధన. అక్కడ ఆయన పైన వస్త్రం లేకుండా, భక్తుడిలా నిలబడి ఉంటాడు. కుళ్లాయి కింద నిలువు అంగీ ఎలా ఉండేదో లేపాక్షి కుడ్యచిత్రాల్లో దొరుకుతుంది. హంపిలో హజారరామ గుడి బయటి గోడ మీద సైనికుల వరసలున్నాయి. ఆ నిలువు అంగీ మోకాళ్లు దాటితే నడకకు అడ్డం, తొడ సగం దాకా కత్తిరించు.

ఇంకో ప్రశ్న, దీన్ని తొడుక్కోనని ఎవడైనా మొండికేస్తాడా? చిత్తూరు పక్కనే వేలూరు. అక్కడ 1806 జూలై 10న సిపాయిలు తిరగబడటానికి ముఖ్య కారణం తోలు గుర్తు పెట్టిన కొత్త తలపాగా, నామాలూ చెవిపోగులూ వద్దన్న ఆజ్ఞ. నీ కుళ్లాయి ముందు తోలు బిళ్ల పెట్టావంటే ఈ సంగతి తెలియదని అర్థమైపోతుంది. గుడ్డా ఇత్తడీ వాడు.

శ్రీకాళహస్తి కలంకారీ మీదికి మనసు పోవడం సహజం. కానీ కరక్కాయ, పాలలో గుడ్డ ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ పులిసిన నీళ్లతో కలం పట్టి ఒక్కో గీతా గీయాలి. వేయి మంది సిపాయిలకు అలా చేయించే ఖజానా ఏ రాజుకుంది? సిపాయికి అచ్చు అద్దకం అంచు, పటాలం జెండాకు కలంకారీ. ఒంటికి ముదురు రంగు ఒక్కటే, తుపాకీ మందు పొగలో మనవాడెవడో పగవాడెవడో తెలియాలి కదా.

గీశాక కుట్టించి చూడు. మూడు మీటర్ల ముతక కాటన్ కొని, టైలరు దగ్గర పొట్టి అంగీ ఒకటి కుట్టించుకో. ఐదడుగుల కర్ర పట్టుకుని పైన చెప్పిన పనులన్నీ పదిసార్లు చెయ్యి. చేయి పైకెత్తినప్పుడల్లా అంగీ మొత్తం లేస్తుందంటే చంక కింద డైమండ్ ఆకారపు ముక్క కావాలని. ఆ ముక్క బొమ్మలోకీ రావాలి. ఏఐ నిమిషంలో అందమైన బొమ్మ ఇస్తుంది గానీ, ముడి ఎక్కడ, బకిల్ ఎటు అంటే నోరెళ్లబెడుతుంది. నిన్ను పనిలోకి తీసుకునేది ఆ జవాబు కోసమే.

పోర్ట్‌ఫోలియోలో నలభై బొమ్మలొద్దు, నాలుగు దుస్తులు చాలు. ఒక్కోదానికి ముందు, పక్క, వెనక చూపులు, సిపాయి, హవల్దారు, ఆఫీసరు తేడాలు, ముడులూ పట్టీలూ దగ్గరగా చూపే పేజీ, చరిత్ర ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పే అరపేజీ రాత. ఎక్కువమంది వెనక వైపు గీయరు. గేములో ఆడేవాడు గంటల తరబడి చూసేది సైనికుడి వీపునే. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పోయొద్దు, క్రిటా, బ్లెండర్ ఉచితం.

ఇక అమ్మా, చదువు. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడిజైన్, లేదంటే ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్, లేదంటే మన రాష్ట్రంలోనే ఉన్న డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ. మూడింటికీ ఎంపీసీ అడ్డం కాదు. పరీక్షలు సాధారణంగా శీతాకాలంలో జరుగుతాయి, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి కాబట్టి దసరా నుంచే వెబ్‌సైట్లు చూస్తుండండి. యూసీడ్ వరసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు, సరదాకి ఒకసారి రాసి చూద్దామనుకోవద్దు. ఫీజు భారమనిపిస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) గురించి కనుక్కోండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఎలాగూ రాయనివ్వండి, ఇంజినీరింగ్‌లో చేరినా ఈ నాలుగు దుస్తుల పని ఆపక్కర్లేదు.

నిఫ్ట్‌లో సిచుయేషన్ టెస్టని ఒకటుంటుంది, ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే నమూనా చేయాలి. ఆదివారాలు అట్టముక్కలు, తీగ, గుడ్డపేలికలు ముందు పెట్టి, గడియారం చూసి రెండు గంటలు కూర్చోబెట్టండి. ఆ తూటాల పెట్టెతోనే మొదలుపెట్టమనండి, వాన నీళ్లు లోపలికి పోకుండా మూత ఎంత కిందికి రావాలో అట్టతో చేసి చూడమనండి.