ఓట్లు వేయించి టీచర్ మాట మారిస్తే పాపకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. క్లాస్ లీడర్ కోసం వాళ్ల టీచర్ చీటీలతో ఓట్లు వేయించి, ఎక్కువ ఓట్లు వచ్చిన అమ్మాయిని కాదని ఫస్ట్ ర్యాంక్ అబ్బాయిని పెట్టారు. మా పాప పోటీలో లేదు, చీటీలు లెక్కపెట్టిందంతే. అయినా రోజూ అదే గొడవ. ఇంట్లో కూడా ఎనిమిదేళ్ల తమ్ముడికి పనెందుకు చెప్పరని ఎదురు తిరుగుతోంది. 'మనకెందుకమ్మా' అంటే ఏడుస్తోంది. ఎలా సర్దిచెప్పాలి?

జవాబు: సర్దిచెప్పకండి. పాప తన కోసం ఏడవడం లేదు, ఇంకో పిల్లకు అన్యాయం జరిగిందని ఏడుస్తోంది, పైగా ఆ చీటీలు విప్పి లెక్కపెట్టింది తనే కాబట్టి లెక్కకు విలువ లేకుండా పోయిందన్న బాధ మిగతావాళ్లకంటే తనకే ఎక్కువ. లీడర్‌ని నేనే పెడతానని టీచర్ ముందే చెప్పి ఉంటే పిల్లలు ఒప్పుకునేవారు. ఓట్లు అడిగి పక్కన పడేయడమే తప్పు. అదే క్లాసులో సోషల్ పుస్తకం తెరిస్తే ప్రజాస్వామ్యం, గ్రామ పంచాయతీ పాఠాలుంటాయి, వాటిని ఈ పిల్లలు ఏ మనసుతో చదవాలి?

టీచర్ ఇబ్బందీ ఊహించగలను. మన బళ్లలో లీడర్ అంటే టీచర్ లేనప్పుడు అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి, దానికి అందరూ భయపడే పిల్లాడైతే నయమనుకుని ఉంటారు. అందుకే మీరు వెళ్లి నిలదీయకండి, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి.

గెలిచిన అమ్మాయికి ఇష్టమేనా అని ముందు పాపను కనుక్కోమనండి, ఆ పిల్ల వద్దంటే బలవంతం చేయకూడదు. సరేనంటే ముగ్గురు నలుగురు కలిసి లంచ్ టైంలో వెళ్లి, 'మేడమ్, మా ఓట్లు ఎందుకు లెక్కలోకి రాలేదు? నెలకొకరు లీడర్‌గా ఉండొచ్చా?' అని అడగొచ్చు. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలో ఉంది, మన దేశమూ అందులో ఉంది. అడిగినందుకు పాపను క్లాసులో చిన్నబుచ్చితే మాత్రం అప్పుడు మీరు హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లండి, పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆ అబ్బాయి మీద మాత్రం కోపం పెట్టుకోవద్దని చెప్పండి, వాడేం అడిగి తీసుకోలేదు.

ఇక తమ్ముడి సంగతి. అందులోనూ న్యాయం పాప వైపే ఉంది. ఎనిమిదేళ్లవాడు తన కంచం తను తీయగలడు, మంచినీళ్ల సీసాలు నింపగలడు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏ పనో వాళ్లతోనే తేల్చండి, తేలాక మీరూ మీవారూ మధ్యలో మార్చకండి.