రంగు చేతికి అంటినంత మాత్రాన నకిలీ కాదు

మీరు కొన్న జపాన్ బోరో దుప్పటిని (పాత గుడ్డలు అతికి కుట్టినది) రుద్దితే వేలికి నీలం అంటుతోందని, ముక్కిపోయిన వాసన కూడా వస్తోందని రాశారు. రంగు గురించి టెన్షన్ వద్దు. నీలిమందు చాలావరకు నూలు పైపొరల్లోనే నిలుస్తుంది, అసలు సరుకైనా కొంత రాలుతుంది.

అసలుదో నకిలీదో తేలాలంటే చూడాల్సింది అతుకుల కింద. కుట్టు ఊడిన చోట అతుకు కాస్త ఎత్తండి. వెలుతురు తగలని ఆ భాగం సాధారణంగా చుట్టుపక్కల కంటే ముదురుగా ఉంటుంది, కింద నిజమైన చిరుగు కనిపించాలి. చిరుగే లేకుండా అన్నీ ఒకే కొత్త దారంతో కుట్టి ఉంటే నాకైతే అనుమానమే. జపాన్ ఉత్తరాన అఓమోరి వైపు చలికి పత్తి పండేది కాదు. ఓడల్లో వచ్చిన పాత గుడ్డలు కొని, మన బొంతలా అతుకు మీద అతుకు వేసేవాళ్లు. అందుకే ఒకే దుప్పటిలో రకరకాల వయసుల గుడ్డలుంటాయి. కసూరి అనే జపాన్ నేత గుడ్డ ముక్క ఉంటే తిరగేసి చూడండి. నూలుకే ముందు రంగు వేసి నేస్తారు (పోచంపల్లి పద్ధతే), కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ.

వాసనకు ముందు నీడలో, గాలి తగిలేలా కొన్నాళ్లు పరచండి. చాలాసార్లు అంతే చాలు. తడపక తప్పదనుకుంటే దోమతెర గుడ్డలో పెట్టి చన్నీళ్లలో ముంచండి, పిండకండి. తీగ మీద వేస్తే నీళ్ల బరువుకే పాత నూలు తెగుతుంది, పరిచే ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్ ఊసే వద్దు.

అతుకు కింద ఫొటో పెడితే చూసి చెప్తాను.