ఆమెను కూతుర్ని చేయకు

అమ్మాయీ,

నీ కథ అందింది. గుంటూరులో ఒక వృద్ధాశ్రమం, పక్షవాతంతో కుడివైపు పడిపోయిన లెక్కల మాస్టారు, ఆయన్ని చూసుకునే ఆయా. ఈ ఇద్దరి స్నేహం మీద రాయాలని తోచినందుకే నీ మీద నాకు నమ్మకం కలిగింది. ఆ నమ్మకంతోనే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మూడో పేజీకే మాస్టారు "నువ్వు నా కూతురివమ్మా" అనేశాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. కథ నాకు అక్కడే ఆగిపోయింది. ఎవరి మీదైనా అభిమానం కలగగానే ఏదో ఒక వరస కలిపేయడం మనకు అలవాటు. బయట అది మంచిదే. కథలో మాత్రం నువ్వు కష్టపడి చూపించాల్సిన దాన్ని ఆ వరస మింగేస్తుంది. కూతురు ఎందుకు చేస్తోందని ఎవరూ అడగరు. ఈమె జీతానికి వచ్చిన మనిషి. జీతం మధ్యలో ఉండగానే ఆ ఇద్దరూ ఎలా దగ్గరయ్యారన్నదే నీ కథ. కాబట్టి జీతాన్ని దాచకు. ఏ తారీఖున ఇస్తారో, నైట్ డ్యూటీకి ఎంత కలుపుతారో, నాగా పెడితే ఎంత కోస్తారో కనుక్కుని రాయి.

ఆమె పనిని "సేవ చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పక్షవాతం మనిషికి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి మొదలుపెట్టాలి. ముద్ద నోట్లో బాగున్న వైపు పెట్టాలి, తిన్నాక రెండోవైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడాలి, కాసేపు కూర్చోబెట్టే ఉంచాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఇవి తెలిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. లెక్కల మాస్టారు కదా, గోడ గడియారం చూసి "పది నిమిషాలు లేటు" అంటాడు. "పక్క గదిలో కూడా మనుషులున్నారండీ" అంటుంది ఆమె. నీ కథలో వాళ్లిద్దరూ ఒక్కసారైనా పోట్లాడుకోలేదు.

కులం జోలికి నువ్వు వెళ్లలేదు. ఆ తరం మాస్టారు మొదటిరోజే "మీదే ఊరు? ఇంటిపేరేమిటి?" అని అడుగుతాడు. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. ఆదివారం ప్రార్థనకు వెళ్లొస్తానంటే ఆయన మొహం తిప్పుకుంటాడు. కానీ ఆయన కుడిచెయ్యి లేవదు. ఎడంచేత్తో అన్నం తినడానికి మనసొప్పదు. ఇక మిగిలింది ఆమె చేతి ముద్దే. ఆ మొదటి పూట ఆయన ఎంతసేపు నోరు తెరవలేదో, ఆమె కంచం పట్టుకుని ఏమనుకుంటూ నిలబడిందో రాయి. ఆ అవమానం ఆమె మర్చిపోనక్కర్లేదు. మర్చిపోకుండానే స్నేహం చేయొచ్చు.

ఆశ్రమానికి ముందు ఆమె ఏం చేసేది? గుంటూరు మనిషి కాబట్టి మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లి ఉండొచ్చు. ఆ పనిలో రోజంతా ఘాటుకి దగ్గు, తుమ్ములు. ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా వేళ్ల మంట పోదు, చంటిబిడ్డ మొహం ముట్టుకోవాలంటే భయం. ఇప్పుడు అవే చేతులతో ఆయన మొహం తుడుస్తోంది. ఇది ఆమె నోటివెంట, వేరే మాటల మధ్యలో వస్తే బాగుంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యం, ఆయన నుంచి ఆమెకు ఏం వస్తోంది? నీ కథలో దీవెనలు తప్ప ఏమీ లేవు. ఆయనకు లెక్కలు వచ్చు కదా! ఆమె ఫైనాన్స్ వాళ్ల దగ్గర పదివేలు తీసుకుందనుకో. 1,500 ముందే కోసుకుని 8,500 చేతిలో పెట్టారు. రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ పదిహేను శాతమేగా అనుకుంటోంది. ఆయన ఎడంచేత్తో, వంకర అంకెలతో కాగితం మీద వేసి చూపిస్తాడు. చేతికొచ్చింది 8,500 కాబట్టి మూడు నెలల పైచిలుకుకే పదిహేడున్నర శాతం దాటింది. పైగా అసలు రోజూ తగ్గుతున్నా వడ్డీ తగ్గడం లేదు. ఆమెకు కోపం వస్తుంది, ముందు ఆయన మీదే వస్తుంది. అయినా మర్నాడు డ్వాక్రా పుస్తకం తెచ్చి ఆయన ముందు పెడుతుంది. ఆయన పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో చూడు!

మాస్టారి అమెరికా కొడుకుని రాక్షసుణ్ణి చేయడం తేలిక, అందరూ చేస్తున్నారు. అతనికి కూడా ఒక సాయంత్రం ఫోన్ ఇవ్వు. కోర్టులో నల్లకోటు వాదనలు కూడా అక్కర్లేదు. పిల్లలు చూడటం లేదని తల్లిదండ్రులు పెట్టుకునే అర్జీలు, 2007 నాటి పోషణ చట్టం కింద, ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌కి వెళ్తాయి.

చివర్లో ఆమె చేత తలకొరివి పెట్టించావు. కూతుర్ని చేశావు కాబట్టి అక్కడిదాకా వెళ్లక తప్పలేదు నీకు. ఆ సీను తీసెయ్.

రాసేముందు ఏదైనా ఆశ్రమానికి అనుమతి అడిగి వెళ్లు. మేనేజరుతో కాదు, డ్యూటీ మారే వేళకు ఆయాలతో కూర్చుని మాట్లాడు, వాళ్లకు ఇష్టమైతేనే. పేర్లు, ఊర్లు మార్చు. ముందు ఆ అప్పు లెక్క సీను ఒక్కటే రాసి పంపు. మొదటి ముద్ద సంగతి దాని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ