37 ఏళ్లకే గర్భసంచి తీయించుకోమంటున్నారు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 37 ఏళ్లు. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. పత్తి పనికి పోతాను. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు కాగానే, 22 ఏళ్లకే పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది. ఏడాదిగా నెలసరి వస్తే ఎనిమిది, తొమ్మిది రోజులు ఆగడం లేదు. గడ్డలు గడ్డలుగా పడుతోంది. మధ్యలో తెల్లబట్ట. చేనులో వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఆయాసం వస్తోంది. మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి పోతే మగ డాక్టర్ ఉన్నారు. సిగ్గేసి ‘నీరసంగా ఉంది సార్’ అని మాత్రం చెప్పాను. బలానికి గోళీలు ఇచ్చి పంపారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆటో మాట్లాడి టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగ్ చేసి, ‘గర్భసంచి వాచింది, పుండు కూడా ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్నారు. 50 వేలు అవుతుందట. పొదుపు సంఘంలో లోన్ తీసుకుందామంటున్నాడు మా ఆయన. మా అత్తమ్మ 35 ఏళ్లకే తీయించుకుంది. ‘పిల్లలయ్యాక దాంతో పనేముంది’ అంటోంది. తీయించుకోవచ్చా? మా అమ్మాయి ఫోన్ నుంచి రాయిస్తున్నాను. స్కానింగ్ రిపోర్టు ఫొటో కూడా పంపుతున్నాం. – ఒక సోదరి

జవాబు: అమ్మా, సూటిగానే చెబుతాను. మీరు పంపిన రిపోర్టును బట్టి ఇప్పటికిప్పుడు గర్భసంచి తీయాల్సిన కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు. అలాగని మీది చిన్న సమస్యేమీ కాదు. ఏడాదిగా రక్తం పోతోంది, ఆయాసం వస్తోంది. దీనికి వైద్యం కావాలి, త్వరగానే కావాలి. ఆ వైద్యం మాత్రం ఆపరేషన్‌తో మొదలవదు.

రిపోర్టులో ‘బల్కీ యుటరస్’ అని ఉంది. దాన్నే మీకు ‘వాచింది’ అని చెప్పి ఉంటారు. రెండు కాన్పులైన గర్భసంచి పెళ్లికి ముందున్నంత చిన్నగా ఉండదు, కాస్త పెద్దగానే ఉంటుంది. గర్భసంచి గోడ మందమైనా అలాగే కనిపిస్తుంది. కొలతలు చూశాను, భయపడాల్సినంత ఏమీ లేదు. గర్భసంచిలో కండ గడ్డలు (ఫైబ్రాయిడ్లు) లేవని రాశారు. లోపలి పొర 9 మిల్లీమీటర్లు, నెలసరి వస్తున్న మీ వయసువారికి అది మామూలే. అండాశయాలు నార్మల్. చివర్లో ‘నబోతియన్ సిస్టులు’ అన్నారు. అవి గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురు నిండిన చిన్న బుడగలు. చాలామంది ఆడవాళ్లలో ఉంటాయి, ఏ హానీ చేయవు. వాటికి మందు కూడా అక్కర్లేదు.

ఇక ఆ ‘పుండు’. మన దగ్గర ఈ మాట విని ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లకు లెక్కలేదు. ముఖద్వారం లోపలుండే ఎర్రటి మెత్తని పొర ఒక్కోసారి బయటివైపు కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని ‘ఎరోజన్’ అంటారు. అది నిజమైన పుండు కాదు, క్యాన్సర్‌గా మారదు. ముఖద్వార క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసుకుని ఉంటేనే, అదీ కొద్దిమందిలోనే, క్యాన్సర్ దాకా వెళ్తుంది. సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. అంటే పరీక్ష చేసి ముందే పట్టుకోవడానికి బోలెడంత టైమ్ ఉంటుంది. మీకు క్యాన్సర్ భయం పెట్టినవాళ్లు, క్యాన్సర్ ఉందో లేదో చూసే పాప్ స్మియర్ మాత్రం చేయలేదు. మీ రిపోర్టుల్లో అది లేదు. హీమోగ్లోబిన్ పరీక్ష కూడా లేదు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఏడాదిగా రక్తం పోతున్న మనిషికి ఒంట్లో రక్తమెంత ఉందో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. వేలిమీద సూది గుచ్చి చేసే పరీక్ష మీ వరకు రాలేదు గానీ, ఆపరేషన్‌కైతే ఆటో ఇంటి ముందుకే వచ్చింది. స్కానింగ్, మంచం, అప్పు అన్నీ రెడీ. వైద్యం అందకపోవడమంటే ఆసుపత్రి లేకపోవడమేనని చాలామంది అనుకుంటారు. మన పల్లెల్లో ఆడవాళ్లకు చిన్న వైద్యం దొరకదు, పెద్ద ఆపరేషన్ మాత్రం సులువుగా దొరుకుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21)లో, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఏదో ఒక పెద్ద ఇబ్బంది ఉందని దేశంలో అయిదుగురు మహిళల్లో ముగ్గురు చెప్పారు. తోడు ఎవరూ లేరని, డబ్బుల్లేవని, దూరమని, లేడీ డాక్టర్ ఉండరని. మీ ఉత్తరంలోనూ వీటిలో కొన్ని ఉన్నాయి. అదే సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద వందకు ముగ్గురికి కాస్త పైన ఉంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ వందకు ఎనిమిది మందికి పైనే ఉన్నారు. మన ఆడవాళ్ల గర్భసంచుల్లోనే ప్రత్యేకంగా ఏదో జబ్బు ఉందని నేను నమ్మను.

ఇంకో సంగతి. మీరు గర్భిణిగా ఉన్నన్నాళ్లూ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఉంటుంది, ఏఎన్ఎం టీకా వేసి ఉంటుంది. 22 ఏళ్లకు ట్యూబులు ముడేశాక? ఆ తర్వాత 15 ఏళ్లలో ‘నెలసరి ఎలా వస్తోందమ్మా’ అని ఎవరైనా అడిగారా? పిల్లలు పుట్టడం అయిపోతే ఆడమనిషికి వైద్యం అవసరం లేదన్నట్టు మన వ్యవస్థ నడుస్తోంది. మీ అత్తమ్మ కూడా అదే అంటున్నారు, పాపం ఆవిడ కాలంలో ఆవిడకు ఎవరూ వేరేలా చెప్పి ఉండరు.

దాంతో పనేముందంటే, చెబుతాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మరునాటి నుంచే ముట్లుడిగినట్టు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు త్వరగా గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే పనిచేయడం మానేస్తాయి. కూలి పని చేసే మనిషికి 40 ఏళ్లకే నడుము, మోకాళ్లు పోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో మీ ఆయన్ను ఒకసారి ఆలోచించమనండి.

గర్భసంచి తీయాల్సిన జబ్బులు లేవని కాదు. క్యాన్సర్ ఉన్నప్పుడు, పెద్ద గడ్డలుండి మందులకు లొంగనప్పుడు, గర్భసంచి బాగా కిందికి జారినప్పుడు నేనే తీస్తాను. మీ విషయంలో రక్తం పోవడం తగ్గించే మందు ఇంకా ఒక్కటీ వాడి చూడలేదు.

ముందు చేయించాల్సినవి హీమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్. ట్యూబులు ముడేసినా సరే ఒకసారి గర్భం పరీక్ష కూడా. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే నెలసరి ఇలా ఎక్కువవుతుంది, గోళీలు వేసుకుంటే సర్దుకుంటుంది. రక్తం తగ్గించడానికి ట్రానెక్సమిక్ యాసిడ్ అనే మాత్రలుంటాయి, నెలసరి రోజుల్లో మాత్రమే వాడాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉంటే అవి పనికిరావు కాబట్టి షాపులో అడిగి కొనకండి, డాక్టర్ రాశాకే. హార్మోన్ మాత్రలూ ఉన్నాయి. వాటితో కుదరకపోతే కాపర్-టీ లాగే లోపల అమర్చే హార్మోన్ పరికరం ఉంది, అయిదేళ్లకు పైనే పనిచేస్తుంది, చాలామందిలో బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది. బయట కొనుక్కోవాల్సి వచ్చినా మీకు చెప్పిన 50 వేలలో చిన్న భాగమే. మందులు పనిచేయకపోతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. తెల్లబట్ట దురద, వాసన లేకుండా ఉంటే చాలావరకు జబ్బు కాదు. దురదో వాసనో ఉంటే ఇన్ఫెక్షన్, వారం రోజుల మందులతో పోతుంది. కొన్నిటికి మీ ఆయన కూడా మందులు వాడాలి.

ఐరన్ గోళీల గురించి ఒక మాట. వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం వస్తుంది. అది చూసి భయపడి చాలామంది మానేస్తారు. అది మామూలే, మానకండి. వేసుకున్నాక గంటసేపు టీ తాగొద్దు, తాగితే ఐరన్ ఒంటికి పట్టదు.

ఇవన్నీ ఎక్కడికి వెళ్లి చేయించాలన్నది అసలు సమస్య కదా. తెలంగాణలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌లు మొదలయ్యాయి. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంగళవారం ఆడవాళ్లకు మాత్రమే, ఆడ డాక్టర్లే చూసేలా పెట్టారు. మీకు దగ్గర్లో ఎక్కడ నడుస్తోందో మీ ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి, లేకపోతే ఆ రోజు కూలీ పోతుంది. లేదంటే నేరుగా నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి గైనిక్ ఓపీకి పొద్దున్నే వెళ్లండి. ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ పెట్టుకోండి. నెలసరి ఆగాక వెళ్తే పాప్ స్మియర్ కూడా అదే రోజు అయిపోతుంది. ఆగకుండా పోతుంటే మాత్రం దాని కోసం ఎదురుచూడొద్దు.

మళ్లీ మగ డాక్టరే ఉంటే? చెప్పుకోలేకపోవడం మీ తప్పు కాదు, కానీ చెప్పకపోతే బలం గోళీలే వస్తాయి. మీ అమ్మాయితో ఒక చీటీ రాయించండి: ‘ఏడాదిగా నెలకు తొమ్మిది రోజులు బ్లీడింగ్, గడ్డలు పడుతున్నాయి, రోజుకు ఇన్ని ప్యాడ్లు, ఆయాసం, కళ్లు తిరగడం.’ కింద, చివరి నెలసరి వచ్చిన తేదీ. నోరు విప్పకుండా ఆ చీటీ చేతిలో పెట్టినా చాలు, ఏ డాక్టరైనా ముందు రక్తపరీక్షే రాస్తారు. లోపల పరీక్ష చేయాల్సి వస్తే పక్కన నర్సు ఉండాలని అడగండి. అది మీ హక్కు. డాక్టర్‌కు ఇంకో విషయం కూడా చెప్పాలి, మీ ఉత్తరంలో లేదు గనుక అడుగుతున్నాను: భార్యాభర్తలు కలిశాక రక్తం కనిపిస్తోందా? కనిపిస్తుంటే పాప్ స్మియర్ అస్సలు వాయిదా వేయొద్దు.

ఎక్కడైనా సరే ఆపరేషనే అంటే, రెండో డాక్టర్‌కు చూపించకుండా సంతకం పెట్టకండి. ఎందుకు తీయాలి, ఏ మందులు వాడి చూశారు, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. ఆ సంతకం మీది, మీ ఆయనదో అత్తమ్మదో కాదు. ఒకామెకు మత్తులో ఉండగా తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి, అండాశయాలు తీసేస్తే అది చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ‘ఇప్పుడే చేయించకపోతే రేపటికి క్యాన్సరే’ అని తొందరపెట్టే చోట నుంచి లేచి వచ్చేయండి.

హీమోగ్లోబిన్ పరీక్ష మాత్రం మంగళవారం దాకా ఆపకండి. రేపే మీ ఊరి సబ్‌సెంటర్‌లో చేయించండి. 7 కంటే తక్కువ వస్తే గోళీలు చాలవు, నరానికి ఐరన్ ఎక్కించాలి, ఒక్కోసారి రక్తమే ఎక్కించాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. మీ ఆయన ఇంట్లో లేకపోతే ఆ ఫోన్ మీ అమ్మాయి చేయాలి, కాబట్టి ఈ చివరి నాలుగు మాటలు తనతో గట్టిగా చదివించుకోండి.