పీహెచ్‌డీ కోసం బడిబాట పడుతున్న అమ్మలుకి

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ బళ్లో పిల్లలకి రాయడం ఎలా నేర్పుతున్నారన్న దానిమీదట! పాలవాడి దగ్గర్నుంచి అందరికీ చెప్పేశాను. రాత్రి పడుకున్నాకే టెన్షన్ మొదలైంది.

డీఈఓ ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకో. హెచ్ఎంని ముందే కలువు. తల్లిదండ్రుల సంతకాలు మరిచిపోకు. పరీక్షల రోజుల్లో వెళ్లకు. వేళకి తిను. మిగతావి మీ గైడ్ చెబుతారు.

నా భయమల్లా పిల్లల నోట్సుల గురించే.

నేను సర్వీసులో ఉండగా మా బడికి ఒక బృందం వచ్చింది. ఎవరన్నది ఇప్పుడెందుకులే. ఐదో తరగతి తెలుగు నోట్సులు తెమ్మన్నారు. పాఠం చివర స్వీయరచన అని ఉంటుంది కదా, ఆ జవాబులు చూశారు. ముత్యాల్లాంటి అక్షరాలు, కొట్టివేతలు లేవు, పక్కన ఎర్రసిరా టిక్కులు. పంక్తులు లెక్కపెట్టారు, తప్పులు లెక్కపెట్టారు, ఫోటోలు తీసుకున్నారు. మీ ఊరి సంత గురించి రాయమంటే అందరూ "మా ఊరిలో ప్రతి ఆదివారం సంత జరుగును" అనే మొదలుపెట్టారు. మా ఊళ్లో సంతే లేదే తల్లీ! జవాబులుండే గైడు పుస్తకంలోంచి బోర్డు మీదికి, బోర్డు మీంచి నోట్సుల్లోకి దిగిన సంత అది. బడి ఎదురుగా ఉన్న టీకొట్టాయన్ని అడిగినా చెప్పేవాడు. వాళ్లు అడగలేదు.

బోర్డు మీద రాయించిన రోజు ఒక పిల్ల బడికి రాలేదు. తర్వాత తనకి తోచింది రాసుకుంది. "మా ఊర్లో సంత నేదు. మా నాన మేకపిలని పక్కూరు సంతకి అట్టుకెల్లి అమీసినాడు. మేక రాత్రంతా అరిసింది. నాను లేసి కూకున్నాను." అంతే, నాలుగు ముక్కలు. ఒత్తులు పోయాయి, ఇంటి యాస వచ్చింది, జవాబు చిన్నది. వాళ్ల లెక్కలో ఆ పిల్ల వెనకబడిన వాళ్ల జాబితాలోకి వెళ్లింది. చూసి రాసినవాళ్లంతా ముందు వరసలో నిలబడ్డారు. బడికి మంచి పేరొచ్చింది. క్లాసు టీచరు కూడా మంచిమనసుతోనే, "నీకెందుకమ్మా ఈ తిప్పలు, బోర్డు చూసి రాసుకో" అన్నాడు. అప్పట్నుంచి ఆ పిల్ల ఊళ్లో కూడా ప్రతి ఆదివారం సంత జరగడం మొదలైంది.

అందుకే చెబుతున్నాను, రాసేసిన పుస్తకాలు బస్తాకెత్తుకుని ఇంటికి రాకు. రాస్తున్నప్పుడు పక్కన కూర్చో. ఎక్కడ ఆగాడు, ఏం చెరిపాడు, ఎవరి పుస్తకంలోకి తొంగి చూశాడు, అదంతా నీకు కావాలి. ముందు నోటితో చెప్పించు, తర్వాత రాయించు. చెప్పగలిగి రాయలేనివాడి ఇబ్బంది వేరు, చెప్పడానికే ఏమీ తోచనివాడి ఇబ్బంది వేరు. అక్షర దోషాలు ఒక గడిలో, చెప్పిన సంగతి ఇంకో గడిలో వేసుకో. రెండూ కలిపి ఒకే మార్కు వేశావో, నీతో మాట్లాడను.

ఒత్తులూ గుణింతాలూ పట్టుబడ్డానికి ఏళ్లు పడుతుందే. చిన్నప్పుడు నువ్వు మా వీధి గోడమీద బొగ్గుతో "పెదమ" అని రాశావు. మీ పెదనాన్న ఆ గోడకి సున్నం వెయ్యనివ్వలేదు, పండక్కి కూడా.

అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి ఇంటింటికీ తిరిగి చిన్న పేరా, కథ చదివించి పిల్లల స్థాయి చెబుతున్నారు. అది చదువుకి సరే, ఆ కొలతే తెచ్చి రాతకి అతికించకు. కర్ణాటకలో యాదగిరి, మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు లిరిల్ అని, పిల్లలు చదవడం రాయడం ఎలా నేర్చుకుంటారన్న దానిమీద 2011 నుంచి 2016 దాకా ఒక అధ్యయనం జరిగింది. ఒకే పిల్లల్ని ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా వెన్నంటి చూశారు. అక్కడా రాతంటే ఎక్కువగా చూచిరాతే. అది చదవకుండా ఒక్క ప్రశ్న కూడా తయారుచెయ్యకు.

సవర గిరిజనులుండే సీతంపేట వైపు కూడా వెళ్తావట. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు తను సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి సవరలోనే వాచకాలు రాశారు. నువ్వు పుస్తకాలు రాయనక్కర్లేదు గానీ, పిల్లల్ని పలకరించడానికి నాలుగు మాటలైనా నేర్చుకో. తెలుగు రాని బిడ్డకి తెలుగులో కాగితం ఇచ్చి, వీడికి రాయడం రాదని తేల్చకు.

టీచర్లని మాత్రం దోషుల్ని చెయ్యకమ్మా. ఒక్క మనిషే ఐదు తరగతులు చూసుకుంటూ, ఫోన్‌లో హాజరు వేసి, మధ్యాహ్న భోజనం ఫోటో పెట్టి, ఆ మిగిలిన టైములో రాయించాలి. బోర్డు మీద జవాబు రాసెయ్యడం బద్ధకంతో కాదు, చాలాసార్లు గతిలేక. నీ థీసిస్‌లో ఊరి పేరు, బడి పేరు రాకూడదు. పిల్లల పేర్లు అసలే వద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ప్రశ్నల కాగితం పట్టుకురా. పక్కింటి బుడ్డోడు నాలుగో తరగతి, ముందు వాడిచేత రాయిద్దాం. వాళ్లింట్లో గైడు ఉంది, ఆ పూటకి నేను దాచేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ